భయానికో బిట్ బ్యాంక్

2019 ఫిబ్రవరిలో పబ్జీ మొబైల్‌కు ఒక అప్‌డేట్ వచ్చింది. అప్పటిదాకా ఆటగాళ్లు ఒకరినొకరు వేటాడుకున్న దీవి మీదికి జాంబీలు దిగాయి. వాటి వెంట చర్మం ఒలిచినట్టుండి నాలుగు కాళ్ల మీద పాకే లిక్కర్లు, కొండలా మీదికి నడిచొచ్చే టైరంట్. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ అంతకు ముందు నెలే, జనవరి 25న, రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్‌ను విడుదల చేసింది. దాని ప్రచారం కోసం పబ్జీతో పొత్తు పెట్టుకుంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలై అప్పటికి అయిదు నెలలే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పబ్జీ ఆడని గది వెతికితే గానీ దొరకని రోజులవి. రెసిడెంట్ ఈవిల్ అన్న పేరైనా సరిగా వినకుండా దాని రాక్షసుల్ని మాత్రం కళ్లారా చూసిన తరం ఈ మెట్రో లైను కింద పెరిగింది.

నిజానికి ఆ పరిచయం తలకిందులుగా జరిగింది. పబ్జీలో తూటాలకు కొదవ లేదు. పక్కన ముగ్గురు దోస్తులుంటారు, చెవిలో వాళ్ల కేకలుంటాయి, చస్తే ఇంకో మ్యాచ్. రెసిడెంట్ ఈవిల్ ఇందులో ఏదీ ఇవ్వదు. మనిషి ఒక్కడే, తూటాలు లెక్కపెట్టుకునేన్నే, తలుపు అవతల ఏముందో తెలియదు. సర్వైవల్ హారర్ అనే ఆటల జాతికి ఆ పేరు స్థిరపడింది ఈ సిరీస్‌తోనే.

మొదటి ఆట 1996 మార్చి 22న జపాన్‌లో ప్లేస్టేషన్ మీద, బయోహజార్డ్ పేరుతో వచ్చింది. దర్శకుడు షింజి మికామి. పూర్తిగా గాల్లోంచి పుట్టిందేమీ కాదు. క్యాప్‌కామ్‌లోనే తొకురో ఫుజివారా 1989లో స్వీట్ హోమ్ అనే భూతాల బంగళా ఆట చేశాడు. 1992లో ఫ్రెంచ్ కంపెనీ ఇన్ఫోగ్రామ్స్ అలోన్ ఇన్ ది డార్క్ తెచ్చింది. ఈ రెంటి నుంచీ అందుకున్నదాన్ని మికామి బృందం ఒక పద్ధతిలోకి తెచ్చింది. ఆ పద్ధతి పేరు కరువు. ఆటను సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ ఉన్న గదికి వెళ్లాలి, చేతిలో ఇంకు రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లు కొన్నే దొరుకుతాయి. జిల్ పాత్రతో ఆడితే సంచిలో 8 వస్తువులు పడతాయి, క్రిస్‌తో ఆడితే ఆరే. తాళంచెవి పెట్టుకుంటే మందు వదిలేయాలి, మందు పెట్టుకుంటే తూటాలు వదిలేయాలి. కెమెరా గోడకు కొట్టిన మేకులా ఒక మూల నుంచే చూస్తుంటుంది. మలుపు తిరిగాక ఎవరున్నారో ఆడేవాడికి కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

యంత్రానికి ఉన్న లోపాలను కూడా ఆ కాలపు తయారీదార్లు భయానికి వాడుకున్నారు. రెసిడెంట్ ఈవిల్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు చీకట్లో ఒక తలుపు నెమ్మదిగా తెరుచుకునే దృశ్యం వస్తుంది. డిస్కు నుంచి కొత్త గది లోడయ్యేందుకు పట్టే సమయమది. 1999లో కొనామి తెచ్చిన సైలెంట్ హిల్‌లో ఊరంతా కమ్మిన పొగమంచు కూడా అంతే. దూరాన ఉన్న ఇళ్లను గీసే శక్తి ఆ ప్లేస్టేషన్‌కు లేదు కనుక మంచు కప్పారు. ఇవాళ ఎంత శక్తిమంతమైన యంత్రమున్నా ఆ మంచు లేకుండా సైలెంట్ హిల్‌ను ఎవరూ ఊహించలేరు.

మరో సంగతి. ఈ ఆటల్లో కథను ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మొదటి రెసిడెంట్ ఈవిల్ జరిగే బంగళాలో అక్కడక్కడా కాగితాలు దొరుకుతాయి: ఒక కాపలాదారు డైరీ, ఒక పరిశోధకుడి ఉత్తరం, అంబ్రెల్లా అనే మందుల కంపెనీ లోపలి మెమో. ఆ కాపలాదారు డైరీలో ఒంటికి దురద మొదలైన రోజు నుంచి వాక్యాలు చిన్నవవుతూ పోయి, చివరికి రెండు మాటలే మిగులుతాయి. ఈ సిరీస్ చరిత్ర మీద అలెక్స్ అనియెల్ 2021లో వెలువరించిన ఇంగ్లిష్ పుస్తకానికి ఆ రెండు మాటల్నే పేరుగా పెట్టుకున్నాడు. కథ ఇలా ముక్కలుగా దొరుకుతుంది కాబట్టి, ముక్కల్ని ఏరి, తేదీల వారీగా పేర్చి, ఈ ఆటలోని ఉత్తరానికి ఆ ఆటలోని ఫొటోతో ముడివేసే పని అభిమానుల నెత్తిన పడింది. వాళ్లు ఆ పనిని 30 ఏళ్లుగా వదల్లేదు.

ఆటలో ఇరుక్కున్నవాడికి దారి చెప్పే పని అంతకంటే ముందే మొదలైంది. 1995 నవంబరులో అమెరికాలో జెఫ్ వీసీ అనే వ్యక్తి గేమ్‌ఫాక్స్ అనే ఇంటర్నెట్ భాండాగారం ప్రారంభించాడు. ఆటల గైడ్లన్నీ ఒకచోట చేర్చడం దాని లక్ష్యం. అప్పట్లో రాసేవాళ్లకు పైసా వచ్చేది కాదు. బొమ్మలుండేవి కావు, ఒట్టి అక్షరాలే. మ్యాపు గీయాలన్నా గీతలు, చుక్కలు, బ్రాకెట్లతోనే గీయాల్సి వచ్చేది. ఫైలు ఎంత చిన్నదంటే ఫ్లాపీలో ఎన్నో పట్టేవి. పైన వెర్షన్ నంబరు, తేదీ. కింద తప్పులు దిద్దినవాళ్లకు కృతజ్ఞతలు. రెసిడెంట్ ఈవిల్ లాంటి ఆటకు ఈ గైడు ప్రాణం. ఏ గదిలో ఎన్ని తూటాలున్నాయి, ఏ జాంబీని కాల్చాలి, దేన్ని తప్పించుకుని పోవాలి, రిబ్బన్ ఎక్కడ ఖర్చు పెడితే నష్టం లేదు వంటివన్నీ లెక్క కట్టి చెబుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు. మూసారాంబాగ్ నుంచి చైతన్యపురి దాకా బ్యాంకు, ఎస్సై, డీఎస్సీ, గ్రూప్స్ బోర్డుల కింద బతుకుతున్న ప్రాంతమిది. ఇక్కడి జిరాక్స్ సెంటర్లో దొరికే మెటీరియల్ ఎవరు రాశారో చాలాసార్లు తెలియదు, కానీ ఎక్కడ తప్పుందో, ఏ ఎడిషన్ మంచిదో సీనియర్లకు కంఠస్థం. గేమ్ గైడు కూడా అచ్చం బిట్ బ్యాంకే. సిలబస్ ఎంత భయంకరంగా ఉన్నా, ముందు వెళ్లినవాడు రాసిపెట్టిన కాగితం చేతిలో ఉంటే గుండె కుదుటపడుతుంది.

అయితే ఆ ఆటలే ఇక్కడికి రావడం అంత తేలిగ్గా జరగలేదు. ఇంటింటికీ కంప్యూటర్ లేని కాలంలో గంటకింత అని తీసుకునే నెట్ సెంటర్లే దిక్కు. అక్కడ నలుగురు కలిసి ఆడే కౌంటర్ స్ట్రైక్‌దే రాజ్యం. ఒక్కడే కూర్చుని భయపడే ఆటకు గంటల లెక్కన డబ్బు కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు కదా. సొంతంగా కంప్యూటర్ పేర్పించుకోవాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోవాలి. డిస్కుల్లో అసలెంత, నకిలీ ఎంత అన్నది అందరికీ తెలిసిన రహస్యమే. 2007లో రెసిడెంట్ ఈవిల్ 4 కంప్యూటర్‌కు వచ్చినప్పుడు అందులో మౌస్‌తో గురిపెట్టే వీలే లేదు. గేమ్‌ప్యాడ్ కొనలేనివాళ్లకు ఆట చేతికి అందినా నోటికి అందని పరిస్థితి. దాన్ని సరిచేసింది కంపెనీ కాదు. మౌస్ పనిచేసేలా చిన్న ప్రోగ్రాములు రాసి పంచింది అభిమానులు.

ఈ నగరం అప్పట్లో ఆటలు కొనుక్కోవడమే కాదు, చేసింది కూడా. 2009లో ప్లేస్టేషన్ 2 మీద సోనీ విడుదల చేసిన హనుమాన్: బాయ్ వారియర్‌ను తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. అది హారర్ కాదు, గొప్ప ఆట కూడా కాదు. అయినా పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా చెప్పుకునేది దాన్నే.

అభిమానుల పని గైడ్లతో ఆగిపోయి ఉంటే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. వాళ్లు తవ్వకాలకూ దిగారు. రెసిడెంట్ ఈవిల్ 2ను క్యాప్‌కామ్ మొదట వేరేగా చేసింది. ఎల్సా వాకర్ అనే మోటార్‌సైకిల్ రేసర్ కథానాయిక. చాలాభాగం పూర్తయ్యాక, బాగా రాలేదని 1997లో మొత్తం పక్కనపడేసి, మళ్లీ మొదటి నుంచి చేసి 1998 జనవరిలో విడుదల చేసింది. ఎల్సా స్థానంలో క్లెయిర్ వచ్చింది. ఆ పారేసిన ఆటకు అభిమానులు 1.5 అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి వాళ్ల దగ్గరున్నవి పాత పత్రికల్లో పడ్డ ఫొటోలు, కొన్ని వీడియో ముక్కలు. వాటిని చూసి ఏ గది ఎక్కడుండేదో బొమ్మలు గీసుకున్నారు. చివరికి ఆ ఆట అసంపూర్తి ప్రతి ఒకటి ఒక బృందం చేతికి చిక్కి, 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. కంపెనీ చెత్తబుట్టలో వేసినదాన్ని జనం దాచిపెట్టుకున్నారన్నమాట.

సైలెంట్ హిల్ అభిమానులకైతే గంటల్లో తేలిపోయిన చిక్కుముడి ఒకటుంది. 2014 ఆగస్టు 12న ప్లేస్టేషన్ స్టోర్‌లో పి.టి. అనే ఉచిత నమూనా ఆట ప్రత్యక్షమైంది. చేసిన స్టూడియో పేరు ఎవరూ విననిది. ఒకే వరండా, చివర తలుపు, దాటితే మళ్లీ అదే వరండా. చివరి చిక్కు ఎలా వీడుతుందో ఏ ఒక్కరికీ పూర్తిగా అర్థం కాలేదు. మైక్‌లో మాట్లాడాలని ఒకరు, కదలకుండా నిలబడాలని ఇంకొకరు, ఇన్ని అడుగులు వేయాలని మరొకరు, దేశదేశాల వాళ్లు తలో ముక్కా కలిపారు. తలుపు తెరుచుకుంది. అవతల సైలెంట్ హిల్స్ అనే కొత్త ఆట ప్రకటన, దాని దర్శకుడిగా హిదేవో కోజిమా పేరు. ఆ ఆట రానేలేదు. 2015 ఏప్రిల్‌లో కొనామి దాన్ని రద్దు చేసి, పి.టి.ని కూడా స్టోర్ నుంచి తీసేసింది. పి.టి. లోడ్ చేసి ఉన్న పాత ప్లేస్టేషన్లను జనం వేలంలో పెద్ద ధరలకు అమ్ముకున్నారు.

అన్ని వేటలూ ఇలా ఫలించవు. 2016లో రెసిడెంట్ ఈవిల్ 7 డెమోలో ఒక చెక్క వేలు దొరికింది. దానితో ఏం చేయాలో తేల్చడానికి అభిమానులు నెలల తరబడి వెతికారు. తీరా చూస్తే, తర్వాత వచ్చిన అప్‌డేట్లు పడితే గానీ ఆ వేలుకు ప్రయోజనం లేదు. అప్పటిదాకా రాసిన సిద్ధాంతాలన్నీ గంగలో కలిశాయి. ఎవరూ పెద్దగా బాధపడలేదు.

ఓపిక విషయంలో మాత్రం ఇద్దరికి దండం పెట్టాలి. ఆల్బర్ట్ మరీన్, క్రిస్ మొరాలెస్ అనే అభిమానులు రెసిడెంట్ ఈవిల్ 4 లోని ప్రతి గోడ, ప్రతి తలుపు, ప్రతి రాయి బొమ్మను స్పష్టంగా తిరగగీయాలని కూర్చున్నారు. అసలు ఆటకు వాడిన ఫొటోలు ఎక్కడ తీశారో ఆరా తీసి, మరీన్ స్పెయిన్, వేల్స్‌లలోని ఆ కోటలకు స్వయంగా వెళ్లి, అదే గోడను మళ్లీ ఫొటో తీసుకొచ్చాడు. 8 ఏళ్లు పట్టిన ఆ పని 2022 ఫిబ్రవరిలో పూర్తయి, ఉచితంగా జనంలోకి వచ్చింది. తమాషా ఏమిటంటే అదే రోజుల్లో క్యాప్‌కామ్ ఇంకో చోట ఇవే ఫొటోల గురించి సంజాయిషీ ఇచ్చుకుంటోంది. తన పుస్తకంతో వచ్చిన సీడీలోని ఉపరితలాల ఫొటోలను అనుమతి లేకుండా వాడారంటూ జూడీ జురాసెక్ అనే డిజైనర్ 2021లో అమెరికా కోర్టులో దావా వేసింది. 2022లో అది రాజీతో ముగిసింది.

అభిమానులతో ఎలా మెలగాలో కంపెనీలకు ఒక పద్ధతంటూ లేదు. ఇటలీకి చెందిన ఇన్వేడర్ గేమ్స్ కుర్రాళ్లు రెసిడెంట్ ఈవిల్ 2ను సొంతంగా రీమేక్ చేస్తుంటే, 2015లో క్యాప్‌కామ్ ఆపమంది. కానీ ఆపమని ఊరుకోకుండా ఒసాకాలోని తమ ఆఫీసుకు పిలిచి మాట్లాడింది. ఆ కుర్రాళ్లు తమ శ్రమను డేమేర్: 1998 అనే సొంత ఆటగా మలిచి 2019లో విడుదల చేశారు. కొనామి మాత్రం పి.టి.ని తిరిగి కట్టిన ఒక 17 ఏళ్ల కుర్రాడి పనిని 2018లో తీసేయించింది. ఏ పద్ధతి లాభసాటో సిరీస్ అమ్మకాలే చెబుతాయి: రెసిడెంట్ ఈవిల్ ఆటలన్నీ కలిపి 17 కోట్ల ప్రతులు దాటాయని క్యాప్‌కామ్ లెక్క.

ఇక వార్తల సంగతి. ఈ సిరీస్‌లో నిజమైన వార్తకు, పుకారుకు మధ్య గోడ చాలా పల్చన. 2020 నవంబరులో క్యాప్‌కామ్ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. కంపెనీ స్వయంగా ఒప్పుకుంది. విడుదల కాని ఆటల వివరాలు బయటపడ్డాయి, అందులో 2021 మేలో రావాల్సిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ ఆట కథ కూడా ఉంది. ఆ ఆరు నెలలూ కథ తెలియకుండా కాపాడుకోవడం అభిమానులకు పెద్ద వ్రతమైపోయింది. తర్వాత 2025 జూన్‌లో రెసిడెంట్ ఈవిల్ రిక్వియమ్‌ను ప్రకటించారు. విడుదల 2026 ఫిబ్రవరి 27న అని అప్పుడే చెప్పారు. గ్రేస్ ఆష్‌క్రాఫ్ట్ అనే కొత్త కథానాయిక. పాత హీరో లియాన్ ఉన్నాడా అంటే, ఆరితేరినవాడు భయానికి పొసగడన్న ధోరణిలో దర్శకుడు కోషి నకనిషి మాట్లాడాడు. ఉన్నాడని అభిమానులు పట్టుబట్టారు. డిసెంబరులో ట్రైలర్ వచ్చింది, అందులో లియాన్ ఉన్నాడు. కాబట్టి అధికారిక మాటే వేదమని కూడా అనలేం. విడుదల తేదీ, ధర, ఏ యంత్రం మీద నడుస్తుందన్నవి కంపెనీ చెబితే నమ్మవచ్చు. కథ గురించి కంపెనీ కావాలనే దాటవేస్తుంది. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం గుర్తు, పెద్ద అక్షరాల్లో 'కన్ఫర్మ్' అని ఉన్న వీడియోలో మాత్రం సాధారణంగా ఏమీ ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పిల్లల్ని హారర్ గేమ్ పేరు చెప్పమంటే చాలామంది నోట రెసిడెంట్ ఈవిల్ కంటే ముందు వచ్చేది గ్రానీ. 2017లో వచ్చిన ఈ మొబైల్ ఆట ఉచితం, చవక ఫోన్లోనూ నడుస్తుంది. ఇంట్లో బందీ అయినవాడు 5 రోజుల్లో తప్పించుకోవాలి. చిన్న చప్పుడైనా ముసలమ్మ పరుగెత్తుకొస్తుంది. సంచి లేదు, చేతిలో ఒక్క వస్తువే. మికామి నేర్పిన కరువు పాఠమే, కాకపోతే జేబులోకి వచ్చింది. దీని మీద తెలుగులో కామెంట్రీతో వీడియోలు కుప్పలు. భయపడుతూ, తిట్టుకుంటూ, నవ్విస్తూ ఆడేవాళ్లను చూడటం పిల్లలకు ఆటకంటే ఎక్కువ సరదా. తులసిదళం సీరియల్‌ను వారం వారం ఎదురుచూసి చదివి, రాత్రి లైటు ఆర్పడానికి భయపడిన తెలుగువాళ్లకు ఈ రుచి కొత్తదేం కాదు. 2021 ఫిబ్రవరి 5న వచ్చిన ప్రశాంత్ వర్మ సినిమా జాంబీ రెడ్డిలో హీరో గేమ్ డిజైనర్, పేరు మారియో. కర్నూలు జిల్లాలో జాంబీలను దింపిన ఆ సినిమా, ఆటలాడే కుర్రాళ్ల కోసమే రాసినట్టుంటుంది.

పెద్దవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని. ఈ ఆటల్లో పందెం లేదు. కానీ రెసిడెంట్ ఈవిల్ ప్రధాన ఆటలకు అమెరికా రేటింగ్ 17 ఏళ్లు, ఆ పైన. రక్తం, నరుకుడు బాగా ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లాడికి అన్న ఫోన్లో కనిపించిందని వదిలేయదగ్గవి కావు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునే పెద్దలకు 2019 నాటి రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ సరైన గుమ్మం. పాతదాని రుచే చూడాలంటే 1996 నాటి అసలు ఆటను 2024 జూన్‌లో జీఓజీ అనే దుకాణం ఇప్పటి కంప్యూటర్లకు నడిచేలా మళ్లీ అమ్మకానికి పెట్టింది. స్టీమ్ అనే ఇంకో దుకాణంలో 2015 నుంచి ఆటలను రూపాయల్లోనే కొనవచ్చు. పండగ సేల్‌లో ధరలు బాగా దిగుతాయి, తొందరపడనక్కర్లేదు. సాటి పిచ్చివాళ్లను ముఖాముఖి కలవాలంటే హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగితే ఆ దగ్గర్లోకి చేరినట్టే.

లేనిదల్లా ఒకటే. ఈ సిరీస్ ఆటల్లో తెలుగు ఎంచుకునే వీలు లేదు. మనకు దొరికే గైడ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. తెలుగులో ఉన్నవి గంటల తరబడి సాగే వీడియోలు. వాటిలో ఫలానా తాళంచెవి ఎక్కడుందో వెతుక్కోవడం గగనం. ఇంగ్లిష్ ఉత్తరాలు, డైరీలు చదవలేక కథ వదిలేసి కాల్పులు మాత్రమే ఆడేవాళ్లు ఎందరో. రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని పరీక్షకు షార్ట్ నోట్సు రాసి పదిమందికి పంచడం తెలిసిన ప్రాంతానికి తెలుగులో ఒక గైడు రాయడం పెద్ద పని కాదు. రెసిడెంట్ ఈవిల్ 2 లోని రాక్కూన్ సిటీ పోలీస్ స్టేషన్ ఒక్కదానితో మొదలుపెట్టొచ్చు: ఏ గది తర్వాత ఏ గది, ఎక్కడ ఏం దొరుకుతుంది, ఏ కాగితంలో ఏముంది. సిరీస్ చరిత్ర రాయదలచినవారికి 2003 నుంచి తెలుగు వికీపీడియా తలుపులు తెరిచే ఉన్నాయి. ఆట పూర్తి చేసినవాళ్లు రాయండి, రాశాక తప్పులు దిద్దమని పక్క గదివాడికివ్వండి. ఏ వెర్షన్ ఆడారో, ఏ తేదీన రాశారో మొదటి లైన్లోనే వేయడం మాత్రం మరిచిపోవద్దు.